కొడుకెత్తు బెల్లం

రోగంతో ఉన్న మనిషిని ఉరి తీయకూడదట. ఆ మాట నేను పెళ్ళయి జైలు గోడ పక్కనున్న ఇంటికి వచ్చాకనే విన్నాను. అంతకు ముందు నాకు తెలిసిన చావుల్లో అలాంటి మర్యాదలేవీ లేవు. మా ఊళ్ళో గత్తర, అదే కలరా, తగిలితే పొద్దున నీళ్ళకు పోయిన మనిషి మాపటికి ఉండేది కాదు. నీ ఒంట్లో బాగుందా, ఇప్పుడు చస్తావా, రేపు చస్తావా అని ఎవరూ అడగలేదు.

మా ఆయన జైలు దవాఖానలో కంపౌండరు. దవాఖాన అంటే పెద్దదేమీ కాదు. లోపలి గేటు దాటితే ఒక పొడుగాటి గది, అందులో నులక మంచాలు, దాని పక్కన మందుల గది. రెండింటి మధ్య ద్వారబంధం ఉంది గాని తలుపు లేదు. నిజాం సర్కారు రోజులు. డాక్టర్ సాబ్ ఊళ్ళోని పెద్ద దవాఖాన నుంచి టాంగాలో వచ్చి చూసి పోయేవారు. ఆడ ఖైదీలకు జబ్బు చేస్తే చూసుకోవడానికి, రోగులకు జావ కాచి పోయడానికి నన్ను పెట్టుకున్నారు. నాకు అక్షరాలు రావు. నా పేరు మాత్రం గీకగలను. ఇప్పుడు నేను చెప్తుంటే మనవరాలు రాస్తోంది. ఆ జైలు ఏ ఊళ్ళోదో చెప్పను, పాలమూరు జిల్లాలో ఒకటనుకోండి. మా ఆయన పోయి చాలా ఏండ్లయింది. ఇవన్నీ ఎందుకు చెప్తావని ఆపేవారు లేరు.

ఒక వానాకాలం మా జైలుకు ఉరిఖైదీ వచ్చాడు. కొల్లాపూర్ అవతల కృష్ణ ఒడ్డున ఏదో పల్లె. కూలికి పోయి బతికే మనిషి, పెళ్ళి కాలేదు, తల్లి ఒక్కతే ఉంది. దొర దగ్గర గుమాస్తాను గొడ్డలితో నరికాడు. ఎందుకు నరికాడో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పేవారు. నేను అతన్ని అడగలేదు. దవాఖానలో నేరం అడగరు, నోరు తెరిచి నాలుక చూపమంటారు.

మామూలుగా అలాంటివాళ్ళను పట్నం పంపేవారు. ఇతన్ని మాత్రం ఇక్కడే తీయమని, చుట్టుపక్కల ఊళ్ళకు తెలియాలని హుకుం వచ్చింది. జైలు వెనక ఎప్పటిదో ఉరికొయ్య ఉంది. దాని కింది గుంటలో పిచ్చిగడ్డి మోకాలి ఎత్తున పెరిగింది. దాన్ని ఖైదీలతోనే పీకించారు.

ఉరికి ముందు తాడును పరీక్ష చేస్తారు. మనిషి ఎంత బరువుంటాడో అంత బరువున్న ఇసుక మూటను ముందు దించి చూస్తారు. బరువు తప్పితే తాడు పొడుగు తప్పుతుంది, పొడుగు తప్పితే మనిషి ఊరికే పోడు, గిలగిల కొట్టుకుంటాడు. మా జైల్లో మనుషులను తూచే కాంటా ఎక్కడిది? గింజలు తూచేది ఉంది. దూలానికి వేలాడే పెద్ద కాంటా, గొలుసులకు రెండు పలకలు. అందుకని ఒక పలక మీద మనిషిని కూర్చోబెట్టేవారు, రెండో పలక మీద గోనె సంచి పెట్టి, కాంటా సమానంగా నిలిచేదాకా అందులో వాగు ఇసుక పోసేవారు. ఆ పోసే పని మాకు పడింది. "బరువంటే పానం సంగతి, పానం సంగతి దవాఖానోళ్ళది" అన్నారు జైలర్ సాబ్. ఇసుక పోయడానికి వేరే కొలత లేక జొన్నపిండి కొలిచే సోలతోనే పోశాను.

అంతా సిద్ధం చేశారు. మూటకు మూతి కట్టారు. ఉరి తీసే తలారి పట్నం నుంచి బయలుదేరాడని కబురు వచ్చింది. అప్పుడు అతనికి చలిజ్వరం పట్టుకుంది.

డాక్టర్ సాబ్ వచ్చారు. ఉర్దూ ఆయన, మా మాట కూడా బాగానే మాట్లాడేవారు. నాడి పట్టుకుని, కనురెప్ప కిందికి లాగి చూసి, జైలర్ సాబ్‌తో అన్నారు: "సఖ్త్ బుఖార్, జరం మస్తుగున్నది. గిట్ల ఒనుకుతున్నోన్ని మోసుకపోయి తీస్తరా? కాయిదా లేదు. తన కాళ్ళ మీద తను నడ్వాలె. నేను మంచిగున్నడని రాసిచ్చినంకనే మీ పని."

అలా అతను మా దవాఖానకు వచ్చాడు. అతనితో పాటు మూట కూడా వచ్చింది. తడవకుండా ఉండాలని దాన్ని మందుల గదిలో మూలకు ఆనించారు.

ఇసుక నింపిన గోనె సంచిని గోడకు ఆనిస్తే ఎలా ఉంటుందో మీరు చూశారో లేదో. కింది సగం బరువుకు పరుచుకుని, మనిషి మఠం వేసుకుని కూర్చున్నట్టు ఉంటుంది. పైన మెడ బిగించి కడితే రెండు కొసలు చెవుల్లా నిలబడతాయి. మందు సీసా తీయాలన్నా, గుడ్డపేలికలు తీయాలన్నా దాని ముందు నుంచే పోవాలి. మొదట్లో నాకు తెలియకుండానే కొంగు సరిచేసుకుని పోయేదాన్ని, ఇంట్లో మగమనిషి కూర్చుని ఉంటే పోయినట్టు.

ఉరిఖైదీ దవాఖానలో ఉంటే గేటు జవాన్లకు నవ్వులాట. అందులో ఒకడు మరీ నోటిదురుసు. నేను జావ తప్పెల పట్టుకుని పోతుంటే రోజూ ఏదో ఒకటి అనేవాడు.

"ఏం వదినె, ఇయ్యాల అల్లునికి ఏం వండినవ్?"

"నీ పిండం వండిన. తింటవా?"

"జర మంచిగ పెట్టు. బోనాలకు పోతును మేపినట్టు మేపుతున్నవ్. బక్కదైతే అమ్మోరు ఒప్పుకోదు."

"నీ నోట్ల మన్ను వడ" అని తిట్టి లోపలికి పోయేదాన్ని. కానీ వాడు అన్నది అబద్ధం కాదు. లోపలికి పోయాక ఆ మాటే నా వెంట వచ్చేది.

బయటి గేటు దగ్గర గోడ నీడన అతని తల్లి కూర్చుని ఉండేది. ఎండుకట్టె లాంటి మనిషి. కొడుకును ఒక్కసారి కటకటాల అవతల నుంచి చూడనిచ్చారు. ఆ ఒక్కసారికే గొంతు చించుకుని అరిచింది, నేను విన్నాను: "బిడ్డా, ఎల్లమ్మకు మొక్కిన! నీ జరం తగ్గితే నీ ఎత్తు బెల్లం జోకుతనని మొక్కిన! ఫికర్ చెయ్యకు!"

ఇది మా వైపు ఉన్న మొక్కే. పిల్లలకు ప్రాణం మీదికి వస్తే, బతికి లేచాక వాళ్ళను కాంటాలో కూర్చోబెట్టి వాళ్ళ బరువుకు సరితూగే బెల్లం అమ్మవారికి ఇస్తారు. మా తమ్ముడికి కూడా ఇచ్చారు. కానీ ఆమె మొక్కింది దేనికి? జ్వరం తగ్గడానికి. జ్వరం తగ్గితే ఏమవుతుందో జైల్లో అందరికీ తెలుసు.

ఒకరోజు నేను నీళ్ళబిందెతో పోతుంటే కొంగు పట్టుకుంది.

"బిడ్డా, నువ్వే గదా లోపల జావ పోసేది? ఎట్లున్నడు?"

"ఉన్నడవ్వా. జరం వస్తాంది, పోతాంది."

"తింటున్నడా?"

"సగం కక్కుతుండు."

"జర ఉల్లిగడ్డ కాల్చి నంజుకు పెట్టు. గదైతే కడుపుల ఆగుతది. చిన్నప్పట్నించి గంతే వాడు." కొంగు వదలకుండానే అడిగింది. "తగ్గుతది గదా?"

తగ్గుతుందంటే ఒక చావు, తగ్గదంటే ఇంకో చావు. బిందె బరువుగా ఉందని చెప్పి వచ్చేశాను.

పట్నానికి, పెద్ద సర్కారుకు, ప్రాణం కాపాడమని ఒక అర్జీ పోయి ఉంది. జవాబు రాలేదు. అది వచ్చేదాకా జ్వరం ఉంటే చాలని నా ఆశ. ఇంట్లో మా ఆయన అన్నం తింటుంటే మెల్లగా కదిపాను.

"జరానికి పోసే కొయినా మందు జర తక్కువ పోస్తే ఏమైతది?"

ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని నా వైపు చూశాడు. "తక్కువ పోస్తే జరంతోని సస్తడు. సరిగ్గ పోస్తే తాడుతోని సస్తడు. నేను ఏం చెయ్యాలె చెప్పు?"

"అర్జీకి జవాబు వచ్చేదాంక..."

"జవాబు వచ్చేదాంక బతికుండాలంటె గూడ మందు పొయ్యాల్సిందే గదనే పిచ్చిదానా. నాకు వచ్చింది మందిచ్చుడొక్కటే. జరం చూసి ఇస్త. మనిషిని చూసి ఇయ్య."

పొద్దున లేచి ఆయన మందు పోశాడు, నేను జావ పోశాను. ఉల్లిగడ్డ కాల్చి పెట్టాను. తల్లి చెప్పింది నిజమే, కడుపులో ఆగింది.

జ్వరం వచ్చిపోయే కొద్దీ అతను చిక్కిపోయాడు. బరువు మారితే మూట బరువు కూడా మారాలి కదా. వారానికోసారి ఇద్దరు జవాన్లు అతన్ని చంకల కింద పట్టుకుని తెచ్చి కాంటాలో కూర్చోబెట్టేవారు. మూట కిందికి దిగి ఉండేది, అతను పైకి లేచి ఉండేవాడు. నేను మూటకు మూతి విప్పి ఇసుక తీసేదాన్ని. మళ్ళీ మూలకు చేర్చేసరికి అది కూడా చిక్కినట్టే, మెడ వాల్చి కూలబడేది.

అతను మంచం మీద చలితో వణికినప్పుడల్లా అవతలి గదిలో మూటలో ఇసుక సర్రున జారేది. మంచం కోళ్ళు నేలను అదిరిస్తే జారుతుందని మా ఆయన చెప్పాడు. అయి ఉండొచ్చు. కానీ వణుకు ఆగి, చెమట పట్టి, అతను నిద్రపోయాక కూడా ఒక్కోసారి వినిపించేది. నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిలినట్టు. పట్టపగలు, బయట ఖైదీలు బట్టలు ఉతుక్కుంటూ మాట్లాడుకుంటుంటే, నేను మాత్రం తప్పెల పట్టుకుని కదలకుండా నిలబడి ఆ చప్పుడు వినేదాన్ని.

మంచి జ్వరంలో ఉండగా ఒకనాడు జావ తాగుతూ ఆగి, ద్వారబంధం వైపు చూశాడు.

"అక్కా, మూలకు కూసున్నాయనకు గూడ జర పొయ్యి."

"ఎవలకు?"

"గాయనకు. నేను తాగుతాంటె చూస్తున్నడు."

ఆ మూలన మూట తప్ప ఇంకేమీ లేదు. కానీ రోగితో వాదించకూడదని మా ఆయన చెప్పేవాడు. "ఆయన తిని వచ్చిండు. నువ్వు తాగు" అన్నాను.

"తిన్నోని లెక్క లేడు" అన్నాడు. అని, సగం జావ గిన్నెలో ఉంచేశాడు. ఎంత చెప్పినా తాగలేదు.

తర్వాత మందు పట్టింది. చలి రావడం తప్పింది. మనిషి లేచి కూర్చున్నాడు, గోడ పట్టుకుని నడిచాడు, ఆకలి అన్నాడు. రోగి లేస్తే దవాఖానలో ఎవరికైనా సంతోషమే. నాకూ వచ్చింది, దాచడమెందుకు. కానీ అతను గిన్నె ఖాళీ చేసిన ప్రతిసారీ మూటలోకి ఎంత పోయాలో నాకు తెలిసిపోయేది. ఒక చేత్తో జావ పోశాను, ఒక చేత్తో ఇసుక పోశాను. మూట నిటారుగా లేచి కూర్చుంది.

ఆఖరిసారి కాంటా దగ్గరికి అతను తనే నడిచి వచ్చాడు. పలక మీద మఠం వేసుకుని కూర్చుని, గొలుసులు పట్టుకుని, ఎదుటి పలక మీద మూటను బాగా చూశాడు. నేను ఇసుక పోస్తున్నాను. కాంటా సమానంగా వచ్చి నిలిచింది. మూట, అతను ఎదురెదురుగా, ఒకే ఎత్తున, కొంచెం ఊగుతూ. అతను రెండు చేతులూ జోడించి కళ్ళకు అద్దుకున్నాడు.

"మా అవ్వ మొక్కు గీ మూటతోనే జోకుతరా?" అని అడిగాడు.

ఇన్ని వారాలు అతను ఏమనుకుంటూ ఆ పలక ఎక్కాడో అప్పుడు అర్థమైంది. తను బయటికి పోలేడు కనుక తన బరువును ఇసుకలో పట్టి ఉంచుతున్నామని, బయట తల్లి దాన్ని పెట్టి బెల్లం తూచుకుంటుందని అనుకున్నాడు. నవ్వులాటల జవాను గొలుసు పట్టుకుని ఉన్నాడు. వాడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"గీ మూట మా అవ్వకిస్తరు గదా సారూ?" మా ఆయన్ను అడిగాడు.

మా ఆయన సంచికి మూతి బిగిస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "ఇస్తం."

"యాది మరువకుండ్రి."

"మరువం."

డాక్టర్ సాబ్ వచ్చి, గుండె విని, నడిపించి చూసి, మంచిగైండని రాసిచ్చారు. రాసి, చేతులు చాలాసేపు కడుక్కున్నారు. అర్జీకి జవాబు రాలేదు. ఎప్పుడు వచ్చిందో, అసలు వచ్చిందో లేదో నాకు తెలియదు.

ముందురోజు సాయంత్రం మూటను తీసుకుపోయి తాడుకు దించారు. నేను ఇంటి ముందు జొన్నలు చెరుగుతున్నాను. గోడ అవతల నుంచి ధబ్బుమని ఒక చప్పుడు వచ్చింది, కాళ్ళ కింద నేలకు తెలిసింది. తర్వాత మూటను మళ్ళీ తెచ్చి అదే మూలన పెట్టారు. మెడ దగ్గర గోనె ఒరుసుకుని నల్లగా గీత పడింది.

తెల్లవారుతుండగా అతను నా జావ తాగాడు, గిన్నె కడిగి బోర్లించాడు. తన కాళ్ళ మీద తను నడిచి పోయాడు. నేను చూడలేదు. గిన్నెను చూశాను.

ఉరి తీశాక డాక్టరు, కంపౌండరు గుంటలోకి దిగాలి. నాడి ఆగేదాకా పట్టుకుని ఉండాలి. మా ఆయన ఇంటికి వచ్చి గడప మీద కూర్చున్నాడు. కాళ్ళకు గుంటలో మళ్ళీ మొలిచిన గడ్డి అంటుకుని ఉంది. నీళ్ళిస్తే తాగలేదు.

"వెంటనే ఆగదే" అన్నాడు. "మనిషి పోయిండు, చేతుల నాడి మాత్రం కొట్టుకుంటనే ఉన్నది. నేను పట్టుకునే ఉన్న. మణికట్టు వెచ్చగున్నది. జరం వెచ్చదనం కాదు. మంచి పానం వెచ్చదనం."

మళ్ళీ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. కానీ ఆ తర్వాత మా పిల్లలకు జ్వరం వస్తే నుదురు చూసేవాడు గాని మణికట్టు పట్టుకునేవాడు కాదు.

శవాన్ని ఇవ్వలేదు. జనం పోగవుతారని జైలు వెనకనే పూడ్చారు. తల్లి గేటు దగ్గర ఏడవలేదు. లేచి దుమ్ము దులుపుకుని, వచ్చిన దారినే పోయింది. ఇక రాదనుకున్నాం.

కొన్నాళ్ళకు ముసురు పట్టిన ఒక పగటిపూట గేటు ముందు ఎడ్లబండి ఆగింది. ముసలమ్మ, ఆమె ఊరివాళ్ళు ఇద్దరు. బండి నిండా బెల్లం ముద్దలు, చిన్నవి, పెద్దవి, ఒక రంగువి కావు. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి తలా ఒక ముద్ద తెచ్చుకుంది. నన్ను పిలిపించింది.

"బిడ్డా, నా కొడుకు ఎత్తు మీకాడ ఉన్నదట గదా. ఇయ్యుండ్రి. మొక్కు జోకాలె."

ఆ మాట ఆమెకు ఎవరు చేరవేశారో నాకు తెలుసు. నవ్వులాటల జవాను నా వైపు చూడటం లేదు.

నేను ఉండబట్టలేక అడిగాను. "మొక్కేంది అవ్వా? నీ కొడుకే పాయె గద."

ఆమె నన్ను తెలివిలేనిదాన్ని చూసినట్టు చూసింది. "నేను అడిగింది జరం పొమ్మని. పోయిందా, లేదా?"

"పోయింది."

"మరి? ఉరి సర్కారుది బిడ్డా. దాని మీద ఎల్లమ్మకు ఏం అధికారమున్నది? జరం ఎల్లమ్మది. ఎవల చేతుల ఉన్నది వాళ్ళనే అడగాలె. వాడు ఒనుక్కుంట పోవద్దనుకున్న. పోతే ఒనికిండంటరు, భయపడ్డడంటరు. నడ్సుకుంట పోయిండా?"

"పోయిండవ్వా. జావ తాగి పోయిండు."

"గంతే. ఆమె ఇచ్చింది. నేను ఇయ్యకపోతే ఎట్ల?"

మా ఆయన పోయి జైలర్ సాబ్‌ను అడిగాడు. ఆయన కాగితాల నుంచి తల ఎత్తకుండా "ఇసుకనే గద, తీస్కపో" అన్నారట. మా ఆయన మూటను భుజం మీద వేసుకుని రెండు గేట్లూ దాటించి తెచ్చాడు. జవాను ఎవరూ చెప్పకుండానే కాంటా విప్పుకొచ్చి గేటు పక్క చూరు దూలానికి కట్టాడు.

మూటను పలక మీద దించాం. మూలన కూర్చున్నట్టే కూర్చుంది. ముసలమ్మ దగ్గరికి పోయి దాని మెడ మీది నల్లటి గీతను వేలితో ఈ కొస నుంచి ఆ కొస దాకా రాసింది. బొడ్లోంచి బండారు పసుపు తీసి పైన పెట్టింది. తర్వాత ఎదుటి పలక మీద బెల్లం పేర్చసాగింది, ఒక్కొక్క ముద్దా ఎవరింటిదో చెప్తూ. "ఇది సాకలోళ్ళది. ఇది నీ మేనత్తది. ఇది నువ్వు గడ్డి కోసుకొచ్చిన ఇంటిది." మూటతోనే చెప్తోంది.

బండిలో బెల్లం అయిపోయింది. కాంటా సమానం కాలేదు. మూట ఇంకా కిందికే ఉంది. నేను నా చేతులతో పోసిన ఇసుక, ఎంత పోశానో నాకు తెలుసు. ముసురుకు చెమ్మ పట్టి ఉంటుంది, ఇసుక చెమ్మ పీలిస్తే బరువెక్కుతుంది. మా ఆయన ఆ మాటే చెప్పబోయాడు. ముసలమ్మ చేత్తో ఆపింది. ఆమె ముఖంలో నవ్వు. అప్పటిదాకా ఆ ముఖం నవ్వడం నేను చూడలేదు.

"బరువు పెరిగిండు" అంది. "నీ జావకే బిడ్డా."

నేను ఇంట్లోకి పరిగెత్తి ఉన్న బెల్లమంతా తెచ్చాను. జవాను ఎక్కడి నుంచో ఒక ముద్ద తెచ్చాడు. అది పెట్టాక పలక మెల్లగా దిగి, మూట మెల్లగా లేచి, రెండూ ఎదురెదురుగా నిలిచాయి. కొంచెం ఊగాయి. లోపల ఇసుక సర్రున జారింది. మంచం లేదు, కోళ్ళు లేవు. అందరమూ విన్నాం.

బెల్లాన్ని బండిలో ఒక పక్క పెట్టారు, మూటను ఇంకో పక్క, ముసలమ్మకు ఆనించి. సన్నగా జల్లు మొదలైంది. ఆమె తన మీది గొంగడి తీసి మూట నెత్తిన కప్పింది. చెవుల్లా ఉన్న రెండు కొసలూ లోపలికి పోయేట్టు జాగ్రత్తగా లాగింది.

"నువ్వు తడుస్తవవ్వా" అన్నాను.

"నాకేం. వీడు తడిస్తే మల్ల జరం వస్తది" అంది.

బండి కదిలింది. మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాం. వెనక నుంచి చూస్తే బండిలో ఇద్దరు మనుషులు కూర్చుని పోతున్నట్టే ఉంది.